గడ్డం మీది వెంట్రుకలకు లేజర్: నా అనుభవం

లేజర్ చేయించుకున్నానని తెలిసినవారు నన్ను ముందుగా అడిగేది నొప్పి గురించి, ఆ తరువాత ఖర్చు గురించి. రెండూ అడగవలసినవే. కానీ గడ్డం కింద, దవడ అంచున, పై పెదవి మీద పెరిగే వెంట్రుకలకు ఈ చికిత్స చేయించుకున్న తరువాత నాకు బాగా అర్థమైన విషయం వేరు. యంత్రం చర్మాన్ని తాకకముందే ఫలితం చాలావరకు నిర్ణయమైపోతుంది. వెంట్రుక ఎందుకు పెరుగుతోంది, అది ఏ రంగులో ఉంది, దాని చుట్టూ ఉన్న చర్మం ఏ రంగులో ఉంది, ఆ రెండింటికీ తగిన యంత్రం అక్కడ ఉందా లేదా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికాకే డబ్బు కట్టాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నాకు గడ్డం మీద ముదురు వెంట్రుకలు రావడం చదువుకునే రోజుల్లోనే మొదలైంది. మొదట్లో పట్కారుతో పీకేదాన్ని, తరువాత థ్రెడింగ్‌కు అలవాటుపడ్డాను. పీకిన వెంట్రుకలు కొన్ని పైకి రాకుండా చర్మం లోపలే వంపు తిరిగి పెరగడంతో చిన్న చిన్న గడ్డలు, అవి మానాక నల్లటి మచ్చలు మిగిలేవి. ఎవరితోనైనా దగ్గరగా కూర్చుని మాట్లాడేటప్పుడు చెయ్యి దానంతట అదే గడ్డం మీదికి వెళ్ళేది. ఈ బాధ చాలామంది ఆడవాళ్ళకు ఉంది, కానీ బయటికి చెప్పుకునేవారు తక్కువ. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను మొదట వెళ్ళిన చోట నన్ను వైద్యులు ఎవరూ చూడలేదు. సలహా ఇచ్చే ఉద్యోగి ఒకరు నా ముఖం వైపు చూసి, ఇన్ని విడతల్లో వెంట్రుకలు శాశ్వతంగా పోతాయని, ఆ రోజే మొత్తం కట్టేస్తే తగ్గింపు ఉంటుందని చెప్పారు. నెలసరి సక్రమంగా వస్తోందా, ఏవైనా మందులు వాడుతున్నానా, ఇంతకుముందు చర్మం ఎప్పుడైనా కమిలిందా అన్న ప్రశ్న ఒక్కటీ రాలేదు. ఏ రకం లేజర్ వాడతారని నేను అడిగితే, చాలా కొత్త యంత్రమని మాత్రమే జవాబు వచ్చింది. ఇంట్లో ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను, మళ్ళీ వెళ్ళలేదు.

శాశ్వతంగా పోతాయన్న మాటను కొంచెం ఆగి చూడాలి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ యంత్రాల తయారీదారులకు అనుమతించే మాట శాశ్వత తగ్గింపు మాత్రమే, శాశ్వత నిర్మూలన కాదు. చికిత్స పూర్తయిన తరువాత తిరిగి పెరిగే వెంట్రుకల సంఖ్య తగ్గి, ఆ తగ్గుదల వెంట్రుక పెరుగుదల చక్రం ఒకటి పూర్తిగా గడిచినా అలాగే నిలబడితే దాన్ని శాశ్వత తగ్గింపు అంటారు. శరీర భాగాన్ని బట్టి ఆ చక్రం 4 నుంచి 12 నెలల దాకా ఉంటుంది. అంటే కొన్ని వెంట్రుకలు మిగులుతాయి, మరికొన్ని సన్నబడి, రంగు తగ్గి తిరిగి వస్తాయి. ఇది ముందే తెలిసి వెళ్ళిన మనిషికి ఆ ఫలితం తృప్తినిస్తుంది. తెలియకుండా వెళ్ళిన మనిషికి అదే ఫలితం మోసంలా కనిపిస్తుంది.

ఆ తరువాత నేను కలిసిన చర్మవైద్యురాలు లేజర్ మాట ఎత్తకముందే నా నెలసరి గురించి, బరువు గురించి, మొటిమల గురించి, ఇంట్లో ఎవరికైనా మధుమేహం ఉందా అని చాలాసేపు అడిగారు. పై పెదవి, గడ్డం, ఛాతీ, పొట్ట, వీపు, తొడలు వంటి 9 చోట్ల ముదురు వెంట్రుకలు ఎంతమేర ఉన్నాయో చూసి ఒక్కో చోటికి 0 నుంచి 4 వరకు అంకె వేశారు. 1961లో ఫెరిమన్, గాల్వే అనే వైద్యులు ప్రతిపాదించిన కొలమానానికి ఇది తరువాత సవరించిన రూపమని చెప్పారు. టెస్టోస్టెరాన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్, రక్తంలో చక్కెర పరీక్షలు, కడుపు స్కానింగ్ రాశారు. వాటిలో బయటపడినది పీసీఓఎస్, అంటే అండాశయాల పనితీరు, హార్మోన్ల సమతూకం దెబ్బతినే సమస్య.

అప్పుడు ఆమె చెప్పిన మాటే నా చికిత్స మొత్తాన్ని నడిపింది. ముఖం మీద ఆడవాళ్ళందరికీ కనీకనిపించని నూగు ఉంటుంది. పురుష హార్మోన్ల ప్రభావం ఎక్కువైనప్పుడు ఆ నూగు వెంట్రుకల్లో కొన్ని మందంగా, నల్లగా మారతాయి. లేజర్ ఈరోజు నల్లగా ఉన్నవాటి కుదుళ్ళను దెబ్బతీయగలదు గానీ, రేపు నల్లబడబోయే నూగును ఆపలేదు. కారణాన్ని అలాగే వదిలేసి పైపైన ఎంత చేసినా కొత్త వెంట్రుకలు పుట్టుకొస్తూనే ఉంటాయి, చేయించుకున్నవారేమో యంత్రం పనిచేయలేదనుకుంటారు. అందుకే స్త్రీవైద్య నిపుణురాలి దగ్గర హార్మోన్ల చికిత్స, చర్మవైద్యురాలి దగ్గర లేజర్ రెండూ కలిసి నడిచాయి. మందుల ప్రభావం వెంట్రుకల మీద కనిపించడానికి 6 నెలల దాకా పడుతుందని ముందే చెప్పడం వల్ల నేను నిరాశపడలేదు. ఇంకొక హెచ్చరిక కూడా చేశారు. వెంట్రుకలు కొద్ది నెలల్లోనే ఉన్నట్టుండి విపరీతంగా పెరిగినా, గొంతు బొంగురుపోయి మగగొంతులా మారినా, తల ముందుభాగం పలచబడినా అది పీసీఓఎస్ అని సరిపెట్టుకోకూడదు. అరుదుగా అండాశయంలో గానీ అడ్రినల్ గ్రంథిలో గానీ గడ్డ ఉండవచ్చు కాబట్టి వెంటనే వైద్యులను కలవాలి.

ఇక కాంతి సంగతి. లేజర్ వెంట్రుకను పట్టుకునేది దాని నల్లదనాన్ని బట్టే. 1983లో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు వైద్యులు ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం, సరైన తరంగదైర్ఘ్యం గల కాంతిని సరైన వ్యవధి పాటు పంపితే అది చర్మంలో ఒక నిర్దిష్టమైన రంగుపదార్థాన్ని మాత్రమే వేడెక్కించి, చుట్టుపక్కల కణజాలాన్ని వదిలేస్తుంది. వెంట్రుకల విషయంలో ఆ రంగుపదార్థం మెలనిన్. వెంట్రుకలోని మెలనిన్ కాంతిని పీల్చుకుని వేడెక్కితే, ఆ వేడి కుదురులో వెంట్రుకను తిరిగి పుట్టించే కణాలకు పాకి వాటిని దెబ్బతీస్తుంది. చిక్కు ఎక్కడంటే, అదే మెలనిన్ చర్మం పై పొరలో కూడా ఉంటుంది. తెల్లటి చర్మం, నల్లటి వెంట్రుక ఉన్నవారికి ఈ పని తేలిక. చామనచాయ, నలుపు చర్మం ఉన్నవారికి కాంతిలో కొంత భాగాన్ని చర్మమే పీల్చుకుంటుంది కాబట్టి బొబ్బలు, నల్లమచ్చలు, ఒక్కోసారి తెల్లమచ్చలు వచ్చే అవకాశం ఎక్కువ.

అందువల్ల యంత్రం పేరు కన్నా దాని తరంగదైర్ఘ్యం అడగడం ముఖ్యం. అలెగ్జాండ్రైట్ లేజర్ 755 నానోమీటర్ల దగ్గర, డయోడ్ ఎక్కువగా 800 నుంచి 810 మధ్య, ఎన్‌డీ యాగ్ 1064 దగ్గర పనిచేస్తాయి. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ మెలనిన్ ఆ కాంతిని తక్కువగా పీల్చుకుంటుంది, కాంతి ఇంకా లోతుకు వెళుతుంది. అందుకే ముదురు చర్మానికి 1064 సురక్షితమని భావిస్తారు. సన్నటి వెంట్రుకల మీద అది అంత బలంగా పనిచేయదు, నొప్పి కూడా కొంచెం ఎక్కువే. ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందన్న దాన్ని బట్టి చర్మాన్ని ఆరు రకాలుగా విభజించే ఫిట్జ్‌ప్యాట్రిక్ కొలమానం ఒకటి ఉంది. నాది అందులో ఐదో రకమని, అంటే ముదురు చర్మమని రాసి, వైద్యురాలు ఎన్‌డీ యాగ్‌నే ఎంచుకున్నారు. చాలాచోట్ల లేజర్ అని పిలుస్తూ వాడే ఐపీఎల్ నిజానికి లేజర్ కాదు. అది అనేక తరంగదైర్ఘ్యాలు కలగలిసిన వెలుగును వడపోసి పంపే దీపం. అనుభవం గల చేతుల్లో లేత రంగు చర్మానికి అది పనికివస్తుంది గానీ, ముదురు చర్మానికి దాన్ని ఎంచుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇళ్ళలో వాడుకోవడానికి అమ్మే పరికరాల్లో ఎక్కువ భాగం ఈ రకానివే. మరీ ముదురు చర్మం మీద వాడకూడదన్న సూచన వాటి పెట్టెల మీదే ఉంటుంది.

గడ్డంతోపాటు బుగ్గల మీది నూగుకు కూడా చేయమని నేను అడిగాను. ఆమె ఒప్పుకోలేదు. సన్నటి వెంట్రుకలున్న చోట లేజర్ వేడి కుదురును చంపడానికి చాలకపోగా, దాన్ని రెచ్చగొట్టి మరింత ముదురుగా పెరిగేలా చేసే ప్రమాదం ఉందని చెప్పారు. అలా జరగడం ముఖ్యంగా ముఖం, మెడ మీద, ముదురు రంగు చర్మం గలవారిలో, హార్మోన్ల సమస్య ఉన్నవారిలో కనిపిస్తుంది. మూడూ నాకు వర్తించేవే. డబ్బు వచ్చే పనిని వద్దన్న ఆ మాటతో నాకు ఆమె మీద కలిగిన నమ్మకం అంతా ఇంతా కాదు. బుగ్గల సంగతి అంతటితో వదిలేశాను, ఆ నూగు అలాగే ఉంది, ఎవరూ గమనించరు కూడా.

చికిత్సకు ముందు పాటించవలసినవాటిలో అందరూ తప్పే నియమం ఒకటుంది. కనీసం 4 వారాల ముందు నుంచి పీకడం, థ్రెడింగ్, వ్యాక్సింగ్ పూర్తిగా మానేయాలి. కుదురులో వెంట్రుక ఉంటేనే కాంతికి పట్టు దొరుకుతుంది, పీకేస్తే అక్కడ వేడెక్కడానికి ఏమీ ఉండదు. షేవింగ్ మాత్రం చేసుకోవచ్చు, చికిత్సకు ముందురోజు చేసుకోవాలి కూడా. పైన వెంట్రుక పొడవుగా ఉంటే అది చర్మం మీదే కాలి మచ్చ పెడుతుంది. గడ్డం మీద రేజరు పెట్టడానికి నాకు చాలా మొహమాటంగా, భయంగా ఉండేది. గీస్తే వెంట్రుకలు దట్టంగా వస్తాయన్నది చిన్నప్పటి నుంచి వింటూ వచ్చిన మాట. గీసినప్పుడు వెంట్రుక కొన మొద్దుగా తెగుతుంది కాబట్టి చేతికి గరుకుగా తగులుతుందే తప్ప, లోపలి కుదురుకు ఏమీ కాదు. వెంట్రుకల సంఖ్య గానీ మందం గానీ పెరగదు.

ఎండ తగిలి నల్లబడిన చర్మం మీద లేజర్ చేయకూడదు. అందుకే కొన్ని వారాల ముందు నుంచే ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న సన్‌స్క్రీన్ రాయమన్నారు. విటమిన్ ఎ రకానికి చెందిన రెటినాయిడ్ క్రీములు, చర్మాన్ని ఒలిచే ఆమ్లాలున్న క్రీములు వారం ముందు ఆపించారు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వంటి మందులు చర్మాన్ని కాంతికి మరింత సున్నితంగా మారుస్తాయి కాబట్టి వాడుతున్న ప్రతి మందూ, మూలికా మందులు సహా, చెప్పాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకున్నవారిని 6 నెలలు ఆగమనడం పాత పద్ధతి. ఇటీవలి నిపుణుల సూచనలు అంత కఠినంగా లేవు గానీ, నిర్ణయం వైద్యులదే. పెదవుల దగ్గర తరచూ జ్వరపొక్కులు వచ్చేవారికి ఆ వేడికి అవి తిరగబెట్టవచ్చు కాబట్టి ముందుగా వైరస్‌ను అణచే మాత్రలు ఇస్తారు. గర్భిణులకు ఈ చికిత్సను సాధారణంగా వాయిదా వేస్తారు. పుట్టుమచ్చల మీద, పచ్చబొట్ల మీద లేజర్ పడకూడదు.

నొప్పి తెలియకుండా ముందుగా రాసుకునే మత్తు క్రీము గురించి విడిగా చెప్పాలి. ముఖం మీద చిన్న భాగానికి వైద్యుల సూచన మేరకు పలుచగా రాసుకుంటే ఇబ్బంది లేదు. కాళ్ళకూ చేతులకూ నిండుగా పట్టించి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి చికిత్సకు బయలుదేరడం మాత్రం ప్రాణాంతకం. అలా చేసిన ఇద్దరు యువతులు అమెరికాలో మరణించిన తరువాత 2007లో అక్కడి నియంత్రణ సంస్థ బహిరంగ హెచ్చరిక జారీ చేసింది. చర్మం గుండా రక్తంలోకి ఎక్కువగా చేరిన మత్తుమందు మూర్ఛను తెప్పించగలదు, గుండె లయను తప్పించగలదు. ఈ ఒక్క విషయం కాళ్ళకు చేయించుకోబోయే ప్రతి అమ్మాయికీ తెలియాలి.

మొదటి రోజు చికిత్స చేయలేదు. దవడ అంచున చిన్న చోట మాత్రమే పరీక్షగా కొన్ని మెరుపులు ఇచ్చి పంపారు. ముదురు చర్మం మీద మచ్చ వెంటనే కనిపించకపోవచ్చు, అందుకే కొన్ని రోజులు ఆగి చూస్తారు. అక్కడ ఏమీ కాలేదని నిర్ధారించుకున్నాకే అసలు విడత మొదలైంది. కళ్ళకు పెట్టే అద్దాలు ఆ లేజర్ తరంగదైర్ఘ్యానికి సరిపోయేవై ఉండాలి. ఒక రకానికి చేసిన అద్దాలు మరో రకం నుంచి కాపాడవు. ఆ అంకె అద్దాల మీదే రాసి ఉంటుంది, నేను అడిగి చూశాను, వారు విసుక్కోకుండా చూపించారు. కనుబొమ్మల కింద, కంటి గుంటకు దగ్గరగా చేయడం కంటికే ప్రమాదమని, ఎవరైనా చేస్తామన్నా ఒప్పుకోవద్దని చెప్పారు.

ప్రతి మెరుపుకూ చర్మం చురుక్కుమంటుంది, మరుక్షణమే చల్లటి గాలి తగిలి తగ్గుతుంది. పై పెదవి దగ్గర కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దవడ దగ్గర ఓర్చుకోగలిగాను. వెంట్రుక కాలిన కమురు వాసన వస్తుంది, దాన్ని పీల్చేసే గొట్టం పక్కనే పెట్టారు. చికిత్స నిమిషాల్లోనే ముగిసింది. వెంట్రుకల చుట్టూ చర్మం ఉబ్బి చిన్న గుల్లల్లా కనిపించడం మోతాదు సరిపోయిందనడానికి గుర్తని అప్పుడే తెలిసింది. ఆ ఉబ్బు కొన్ని గంటల్లో తగ్గిపోవాలి. ఆగని మంట, బొబ్బ, బూడిద రంగుకు తిరిగిన చర్మం మాత్రం ఇంటికి వెళ్ళాక చూసుకుందామనుకునేవి కావు, అక్కడికక్కడే చెప్పాలి.

తరువాతి రెండు రోజులు వేడినీళ్ళ స్నానం, ఆవిరి పట్టడం, చెమట పట్టే వ్యాయామం వద్దన్నారు. వారం గడిచేసరికి గడ్డం మీద నల్లటి చుక్కలు పైకి రావడంతో వెంట్రుకలు మళ్ళీ మొలుస్తున్నాయనిపించింది. అవి పెరుగుతున్నవి కావు, కాలిపోయి బయటికి నెట్టబడుతున్నవి. 1 నుంచి 3 వారాల్లో అవి వాటంతట అవే రాలిపోతాయి, పీకకూడదు. ఒక విడత తరువాత పై పెదవి మీద చర్మం కొంచెం నల్లబడింది. వైద్యురాలు ఆ చోటికి తరువాతి విడతను వాయిదా వేసి, పూతమందు రాసి, సన్‌స్క్రీన్ మానవద్దని చెప్పారు. ఆ నలుపు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా విడిచింది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఆ చోట మోతాదు తగ్గించి చేశారు.

విడతల మధ్య ఎడం ఎందుకో తెలిస్తే ఓపిక పట్టడం తేలికవుతుంది. వెంట్రుక చురుకుగా పెరుగుతున్న దశలోనే లేజర్‌కు లొంగుతుంది. ఏ సమయంలో చూసినా కొన్ని వెంట్రుకలే ఆ దశలో ఉంటాయి, మిగతావి విశ్రాంతిలో ఉంటాయి. వాటి వంతు వచ్చేదాకా ఆగాలి. ముఖానికి 4 నుంచి 6 వారాలు, శరీరానికి 6 నుంచి 8 వారాల ఎడం పాటిస్తారు. చాలామందికి 6 నుంచి 8 విడతలు పడతాయి, హార్మోన్ల సమస్య ఉన్న ముఖానికి అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. త్వరగా ముగిద్దామని రెండు వారాలకోసారి పిలిచేవారున్నారు, దానివల్ల చర్మానికి దెబ్బే తప్ప లాభం లేదు.

ఇప్పుడు నా గడ్డం మీద ముదురు వెంట్రుకలు చాలావరకు లేవు. గడ్డలు రావడం ఆగింది, పాత మచ్చలు మాసిపోయాయి, చెయ్యి గడ్డం మీదికి వెళ్ళే అలవాటు కూడా తగ్గింది. అప్పుడప్పుడు కొన్ని మొలిచినప్పుడు ఒక విడత చేయించుకుంటున్నాను. తెల్లబడిన వెంట్రుకలు నాలుగైదు ఉన్నాయి. మెలనిన్ లేని వాటిని ఏ లేజరూ పట్టుకోలేదు. తెల్ల, ఎర్ర, బంగారు రంగు వెంట్రుకలకు మిగిలిన దారి ఎలక్ట్రాలసిస్. ఒక్కో కుదురులోకి సన్నటి సూది దించి విద్యుత్తుతో దాన్ని నాశనం చేసే ఈ పద్ధతిని చార్లెస్ మిచెల్ అనే కంటి వైద్యుడు లోపలికి తిరిగిన కనురెప్పల వెంట్రుకల కోసం వాడి 1875లో వెల్లడించాడు. పని నిదానంగా సాగుతుంది, కానీ వెంట్రుక రంగుతో దానికి సంబంధం లేదు. గడ్డం కొసన ఉన్న ఆ కాసిని తెల్ల వెంట్రుకలకు దాన్నే మొదలుపెట్టాను.

ప్రతి విడతలో ఏ తరంగదైర్ఘ్యం, ఎంత శక్తి, ఎంత వ్యవధి, ఎంత వెడల్పు కాంతి వాడారో, ఆ తరువాత చర్మం ఎలా ఉందో వైద్యురాలు ఒక కాగితంలో రాసేవారు. దాని నకలు నేను అడిగి తీసుకునేదాన్ని. ఊరు మారి వేరే వైద్యుల దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ కాగితాలు ముందుపెట్టాను. ఆ కొత్త వైద్యుడు నా పై పెదవి నల్లబడిన విడత దగ్గర ఆగి, ఆ మోతాదు పక్కన గీత గీసుకుని, నాకు సరిపడిన అంకెల నుంచే మొదలుపెట్టారు.